సముద్రంలో కలిసే గోదావరి వృథాయేనా?

వరదల రోజుల్లో పత్రిక తెరిస్తే ఒక వార్త తప్పక కనిపిస్తుంది: ధవళేశ్వరం వద్ద గేట్లు ఎత్తివేశారు, ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు వృథాగా సముద్రంలో కలిసిపోతోంది. మా పదో తరగతి పిల్లలు జవాబు పత్రాల్లోనూ అదే రాస్తారు. 'సముద్రంలో కలిసిపోతోంది' అన్నంతవరకు నాకు పేచీ లేదు. 'వృథాగా' అన్న దగ్గరే పేచీ. జీవశాస్త్రం చదివేవారు ఆ మాట వాడకూడదని నా అభిప్రాయం.

పాఠ్యపుస్తకం నీటిని రెండు ఖానాలుగా విడగొడుతుంది: మంచినీటి ఆవరణ వ్యవస్థ, సముద్ర ఆవరణ వ్యవస్థ. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నది నీటిలో సాధారణంగా అర గ్రాముకు మించవు. ఈ తేడా చిన్నది కాదు. ఏటి చేప ఒంట్లోని ద్రవాల్లో బయటి నీటికన్నా ఉప్పు ఎక్కువ. కనుక ద్రవాభిసరణం వల్ల నీరు ఎడతెగకుండా లోపలికి చేరుతుంది. అది పల్చని మూత్రాన్ని ఎక్కువగా విసర్జిస్తూ బ్రతుకుతుంది. సముద్రపు చేపది తలకిందుల కష్టం. చుట్టూ అంత నీరున్నా ఒంట్లో నీరు బయటకు పోతూనే ఉంటుంది. అందుకని ఉప్పునీరే తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటకు నెడుతుంది. (సొరచేపల పద్ధతి వేరు.) ఒకదాన్ని తీసి రెండోదాని నీటిలో వేస్తే చాలా చేపలు చచ్చిపోతాయి.

అయితే మన డెల్టాలో ఈ రెండు ఖానాల మధ్య గోడ లేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి, గౌతమి యానాం వైపు, వసిష్ఠ అంతర్వేది వైపు పోతాయి. ఆగస్టు వరదల్లో మొగ దగ్గర కూడా ఎర్రనీరే. వేసవిలో పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఏటిలో పైకి ఎక్కుతుంది. అటూ ఇటూ కాని ఈ నీటిని పుస్తకం ఒక పేరాలో దాటేస్తుంది. మన తీరపు జీవులు అనేకం బ్రతికేది అందులోనే.

పులసనే చూడండి. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస. వరదకాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలో ఎదురీదుతూ వస్తుంది. ఆ ప్రయాణంలో దాని మొప్పలు, మూత్రపిండాలు పనితీరునే మార్చుకుంటాయి. (ధర సంగతి చెప్పనక్కరలేదు, బడిపంతులు జీతానికి అందేది కాదు.) పండుగప్పది ఎదురు దారి: ఉప్పునీటిలో పుట్టి, పిల్లగా ఉప్పుటేళ్ళలోకి వచ్చి పెరుగుతుంది. నీలకంఠ రొయ్య ఏటిలో ఉంటుంది గాని, దాని డింభకాలు కాస్త ఉప్పు తగిలిన నీటిలోనే పెరుగుతాయి.

ఇక కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి బురదలో గాలి ఆడదు. అందుకే తెల్లమడ వేళ్ళు నేలలోంచి పెన్సిళ్ళలా పైకి లేచి గాలి పీలుస్తాయి. దాని ఆకును నాలుకకు తాకించి చూడండి, ఉప్పగా ఉంటుంది. చెట్టు వదిలించుకున్న ఉప్పు అది. ఉప్పును తట్టుకుంటుందే తప్ప, ఉప్పు మరీ ఎక్కువైతే మడ కూడా గిడసబారుతుంది. దానికి నది తెచ్చే మంచినీరూ కావాలి, ఒండ్రూ కావాలి.

నది మరొకటి కూడా తెస్తుంది. రాళ్ళు శిథిలమైనప్పుడు సిలికా నీటిలో కరుగుతుంది. సముద్రంలోని డయాటమ్‌లనే సూక్ష్మ వృక్షప్లవకాలు తమ పెంకులు కట్టుకునేది ఆ సిలికాతోనే. వాటిని జంతుప్లవకాలు తింటాయి, ఆ జంతుప్లవకాలను చిన్న చేపలు తింటాయి.

నదిని ఆపితే ఏమవుతుందో ఈజిప్టు చూసింది. 1964లో అస్వాన్ పెద్ద ఆనకట్ట వెనుక నైలు వరదను నిలపడం మొదలుపెట్టారు. 1962లో సుమారు 18,000 టన్నులు దొరికిన సార్డీన్ చేప, ఆ దశాబ్దం చివరికి వెయ్యి టన్నులైనా దొరకలేదు. 1980ల నుంచి చేపలు మళ్ళీ పెరిగాయి. ఎరువుల, పట్టణాల మురుగు సముద్రంలో చేరి పోషకాలు అందించడమే కారణమని శాస్త్రజ్ఞులు కొందరి వాదన. వరద ఇచ్చిన మేతకు బదులు మురుగు మేత అన్నమాట!

మన దగ్గరా ఛాయలు లేకపోలేదు. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడం వల్ల, గోదావరి తెచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికన్నా తక్కువైందని, డెల్టా అంచు కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో తెలిపారు.

రైతుబిడ్డలు నన్ను అడుగుతారు: "మరి కాలవలు కట్టేయమంటారా, మాస్టారూ?" అనను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తికాకపోతే కోనసీమ ఈ కోనసీమ కాదు, మనం తినే అన్నం ఆ నీటిదే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంతటి వరదను ఎవరూ ఆపలేరు కూడా. నా పేచీ మిగిలిన నెలలతో. దాళ్వాకు నీరు మళ్ళించాక, ఎండాకాలంలో ఆనకట్ట దిగువకు వచ్చే మంచినీరు దాదాపు శూన్యం. కాలవలకు ఇంత, పరిశ్రమలకు ఇంత, పట్టణాలకు ఇంత అని లెక్క వేసేటప్పుడు, ఏ నెలలో ఎంత నీరు మొగకు వదలాలో కూడా ముందే ఒక పద్దుగా రాయాలి. మిగిలితే వదులుదాం అంటే వేసవిలో ఎన్నడూ మిగలదు.

లెక్క మీరే మొదలుపెట్టవచ్చు. ధవళేశ్వరం, యానాం, కాకినాడ తీరం, మూడుచోట్ల అర లీటరు చొప్పున నీరు తెచ్చి, వడగట్టి, మీ సైన్సు మాస్టారి ఎదుట మరిగించి ఇగిర్చి, మిగిలిన ఉప్పును తూచండి. ఆగస్టులో ఒకసారి, మే నెలలో ఒకసారి. మొదటి సీసా, మూడో సీసా అంకెల కంటే యానాం సీసా అంకెను జాగ్రత్తగా రాసిపెట్టుకోండి.