తప్పు తీగదా.. గోడదా?

వికారాబాద్, తాండూరు: నెల తిరిగేసరికి బిల్లు కట్టక తప్పదు. నెట్ మాత్రం వచ్చినప్పుడే వచ్చినట్టు. రెండు పట్టణాల్లోనూ ఇళ్లకు ఫైబర్ తీగ చేరువయ్యాక తరచూ వినవచ్చే ఫిర్యాదు ఇదే. సంస్థకు ఫోన్ చేస్తే రూటర్ ఆపి వేయమంటారు. దుకాణానికి వెళితే కొత్తది కొనమంటారు. లోపం వీధిలో ఉందో, ఇంట్లో ఉందో తేలకుండానే వినియోగదారుడి జేబుకు చిల్లు పడుతోంది.

తేల్చుకోవడం నిజానికి కష్టమేమీ కాదు. ఫైబర్ వచ్చి చేరే పెట్టెపై ‘ఎల్ఓఎస్’ దీపం ఎర్రగా వెలిగితే కాంతి సంకేతం ఇంటిదాకా రావడం లేదని అర్థం. అప్పుడు పాస్‌వర్డు మార్చినా, పెట్టెను పదిసార్లు ఆపి వేసినా ప్రయోజనం శూన్యం. ఎర్ర దీపం లేకున్నా వేగం రాకుంటే లాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా పెట్టెకు కలిపి చూడాలి. అక్కడ సక్రమంగా ఉండి వైఫైలోనే పడిపోతుంటే లోపం ఇంటిదే.

తాండూరులో ఈ చిక్కుకు ఊరి నాపరాయీ ఒక కారణమే. దళసరి రాతి గోడ రేడియో తరంగాలను గట్టిగా అడ్డుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువే గాని గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది. అయితే అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగు రూటర్లన్నీ వాటినే పంచుకోవాలి. ముందుగదిలో టీవీ వెనక మూలన పెట్టిన రూటర్ రెండు రాతి గోడల అవతలి పడకగదికి ఏం చేరుతుంది? 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కు పెంచితే గోడ పలచబడదు. రూటర్‌ను నడిమి గదికి, కాస్త ఎత్తుకు మార్చడం ఖర్చు లేని పని. చాలకుంటే లోపలి గదికి లాన్ తీగ లాగి మరో వైఫై పెట్టె అమర్చుకోవాలి.

వీధి లోపం అంత తేలికగా తీరేది కాదు. ఫైబర్ తీగలు కరెంటు స్తంభాలనే ఆశ్రయించాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించాక దక్షిణ డిస్కం స్తంభాలపై తీగల తొలగింపు చేపట్టింది. రాజధానిలో పలుచోట్ల నెట్ స్తంభించింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. వికారాబాద్ జిల్లా కూడా అదే డిస్కం పరిధిలోనిది. ప్రాణాలకన్నా నెట్ ముఖ్యం కాదు, నిజమే. కానీ రోడ్డు తవ్విన ప్రతిసారీ ఫైబర్‌కు భూగర్భ గొట్టం వేసే ఏర్పాటు లేకుండా తీగలు కోయడమొక్కటే పరిష్కారమవుతుందా?

తీగ తెగకున్నా కాంతి తగ్గవచ్చు. కనెక్టర్‌పై నాపరాళ్ల దుమ్ము చేరినా, తీగ బిగువుగా మడతపడినా అంతే. మరమ్మతుకు వచ్చిన సిబ్బందిని పవర్ మీటర్ రీడింగు చూపమని అడగాలి. సాధారణంగా మైనస్ 27 డీబీఎం కన్నా దిగజారితే లోపం బయటి తీగదే. రూటర్ మార్చనక్కరలేదు. కనెక్టర్‌ను ఊడదీసి కంటితో చూడడం మాత్రం ప్రమాదకరం, ఆ కాంతి కనపడదు. నోటిమాట ఫిర్యాదు చెల్లదు, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. పరిష్కారం కాకుంటే అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీని ఆశ్రయించే వీలును ట్రాయ్ 2012 నిబంధనలు కల్పించాయి. అందుకు రుసుమేమీ లేదు.