హీరోయిన్లు నాలుగుసార్లు.. హీరో ఒక్కసారి: జాతీయ అవార్డుల లెక్కలో సీమ ఆడపాత్ర ఎక్కడ?

71వ జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా 'భగవంత్ కేసరి' నిలిచింది. హీరో హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ. అందుకే 2025 ఆగస్టు 1న వచ్చిన ఆ ప్రకటన హిందూపురానికి సొంత ఊరి కబురైంది. విశేషం ఏంటంటే, ఈ సినిమా కథంతా ఓ ఆడపిల్లను ధైర్యంగా పెంచడం గురించే. స్కూల్ పిల్లలకు 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' గురించి చెప్పే సీన్ థియేటర్లో ఎంత పేలిందో చూసినవాళ్లకు తెలుసు.

అదే జాబితాలో ఉత్తమ నటి ఎవరు? 'మిసెస్ ఛటర్జీ వర్సెస్ నార్వే'కి రాణీ ముఖర్జీ. తెలుగు పేరు లేదు.

ఇందులో కొత్తేం ఉంది అనుకోవచ్చు. కానీ వెనక్కి తిరిగి లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తెలుగు సినిమాలో నటనకు ఢిల్లీ నుంచి ముందుగా అవార్డు తెచ్చింది హీరోలు కాదు, హీరోయిన్లు. ఉత్తమ నటుడు అవార్డు తెలుగుకు తొలిసారి 69వ అవార్డుల్లో వచ్చింది. 2021 సినిమా 'పుష్ప'కు అల్లు అర్జున్. అప్పటికే మన సినిమాలు ఉత్తమ నటిని నాలుగుసార్లు ఇచ్చాయి!

ఆ నలుగురు ఎవరు?

- శారద - 'నిమజ్జనం' (26వ అవార్డులు, 1978)
- అర్చన - 'దాసి' (36వ అవార్డులు, 1988)
- విజయశాంతి - 'కర్తవ్యం' (38వ అవార్డులు, 1990)
- కీర్తి సురేష్ - 'మహానటి' (66వ అవార్డులు, 2018)

ఈ జాబితాలోని సంవత్సరాలు ఒకసారి జాగ్రత్తగా చూడండి. మొదటి మూడూ పన్నెండేళ్లలో వచ్చాయి. మూడోదానికి, నాలుగోదానికి మధ్య 28 ఏళ్లు. ఆ 28 ఏళ్లలో తెలుగు సినిమా బడ్జెట్ పెరిగింది, మార్కెట్ పెరిగింది, ఓవర్సీస్ వచ్చింది, 'బాహుబలి' వచ్చింది. ఉత్తమ నటి మాత్రం రాలేదు. ఎందుకు?

తప్పు జ్యూరీదా?

చాలామంది వెంటనే అనే మాట: 'ఢిల్లీ జ్యూరీకి తెలుగు అంటే చిన్నచూపు.' ఇందులో నిజం ఎంతో చూడాలంటే ముందు ఈ అవార్డు ఎలా ఇస్తారో తెలియాలి.

ఒక క్యాలెండర్ సంవత్సరంలో సెన్సార్ అయిన సినిమాలను నిర్మాతలే ఎంట్రీకి పంపాలి. ముందు ప్రాంతీయ ప్యానెళ్లు చూస్తాయి. అవి పంపినవాటిని సెంట్రల్ ప్యానెల్ చూసి విజేతలను తేలుస్తుంది. ఫిల్మ్‌ఫేర్ లాగా నామినేషన్లు ప్రకటించరు. అంటే 'రేసులో ఫలానా హీరోయిన్' అని ప్రతి ఏడాదీ మన టీవీల్లో, యూట్యూబ్‌లో నడిచేదంతా బయటి అంచనానే. అసలు రేసు మూసిన తలుపుల వెనక జరుగుతుంది.

అయితే అదే జ్యూరీ విధానం తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన నటీమణులకు వేరే భాషల్లో అవార్డులు ఇచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన టబుకు 'మాచిస్'కి ఒకటి, 'చాందినీ బార్'కి ఇంకొకటి. 'యమదొంగ'లో మనం చూసిన ప్రియమణికి తమిళ 'పరుత్తివీరన్'కి. శ్రీదేవికి చనిపోయాక హిందీ 'మామ్'కి. 70వ అవార్డుల్లో 'అలా మొదలైంది' నిత్యా మీనన్‌కి తమిళ 'తిరుచిత్రంబళం'కి. ఆమె ఆ అవార్డును గుజరాతీ నటి మానసీ పరేఖ్‌తో పంచుకుంది.

ఈ నటీమణులంతా తెలుగులోనూ చేశారు. అవార్డు వచ్చిన పాత్ర మాత్రం తెలుగులో దొరకలేదు. కాబట్టి కొరత నటీమణులకు కాదు, పాత్రలకు.

గెలిచిన నాలుగు పాత్రలు ఏం చెబుతున్నాయి?

'నిమజ్జనం' బి.ఎస్. నారాయణ సినిమా. అస్థికలు కలపడానికి కాశీకి బయల్దేరిన దంపతులు. దారిలో బండివాడు భార్యపై అఘాయిత్యం చేస్తాడు. ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేని ఆడమనిషి నరకమే సినిమా. తెనాలి అమ్మాయి శారద అప్పటికే మలయాళంలో 'తులాభారం', 'స్వయంవరం' సినిమాలకు ఇదే అవార్డు తీసుకుంది. తొలి రోజుల్లో దీన్ని ఊర్వశి అవార్డు అనేవాళ్లు. పాతతరం ఇప్పటికీ 'ఊర్వశి శారద' అనేది అందుకే.

'దాసి' బి. నర్సింగరావు తీసింది. నిజాం కాలంలో తెలంగాణ గడీలో వెట్టిచాకిరీ చేసే కమలాక్షి కథ. ఒక్క సినిమాకే ఐదు జాతీయ అవార్డులు. అర్చన అంతకుముందు ఏడాదే తమిళ 'వీడు'కి ఉత్తమ నటి. వరుసగా రెండేళ్లు, రెండు భాషల్లో!

'కర్తవ్యం' పక్కా కమర్షియల్ సినిమా. అసలు కిక్ ఇక్కడే ఉంది. విజయశాంతి పోలీస్ ఆఫీసర్. ఆ ఏడాది ఉత్తమ నటుడు 'అగ్నిపథ్'కి అమితాబ్ బచ్చన్. మన 'లేడీ అమితాబ్', అసలు అమితాబ్ ఒకే జాబితాలో ఉన్నారన్నమాట. అదే 1990లో ఆమె బాలకృష్ణతో 'లారీ డ్రైవర్' కూడా చేసింది. అంటే హీరో పక్కన హీరోయిన్‌గా చేస్తూనే, సినిమా మొత్తాన్ని తానే మోసే పాత్రా చేసింది. రెండూ ఒకే ఏడాదిలో కుదిరాయి. అవార్డు అంటే డబ్బులు రాని సినిమాకే అనుకునేవాళ్లకు 'కర్తవ్యం' ఒక్కటి చాలు జవాబు.

'మహానటి' నాగ్ అశ్విన్ సినిమా, సావిత్రి జీవితం. ఇందులో మన ప్రాంతానికి ఓ లింక్ ఉంది. సావిత్రిని శశిరేఖగా నిలబెట్టిన 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి, ఉమ్మడి అనంతపురం జిల్లానే. అందులో కృష్ణుడు ఎన్టీఆర్ ఆ తర్వాత మూడుసార్లు హిందూపురం ఎమ్మెల్యే. మరి సావిత్రికి? నటనకు జాతీయ అవార్డులు మొదలైందే 1967 సినిమాలతో. 'మాయాబజార్' 1957ది. ఆమె వెలిగిన రోజుల్లో ఆ అవార్డే లేదు. చివరికి సావిత్రిగా నటించిన కీర్తి సురేష్ దాన్ని అందుకుంది.

నాలుగింటిలో కామన్ పాయింట్ ఒక్కటే. హీరోయిన్‌ను తీసేస్తే సినిమానే లేదు. అలాంటి కథ రాసిన ప్రతిసారీ ఢిల్లీ చూసిందని కాదు. రాయనప్పుడు మాత్రం చూడటానికి ఏమీ లేదు.

సీమ కథల్లో హీరోయిన్ ఎక్కడ?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆ 28 ఏళ్లలో తెలుగు సినిమా రాయలసీమను పట్టించుకోలేదా? బాగా పట్టించుకుంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు'. సుమోలు, బాంబులు, కత్తులు. 'నరసింహనాయుడు'కి బాలకృష్ణకు ఉత్తమ నటుడిగా నంది వచ్చింది. మరి ఆ ఏడాది ఉత్తమ నటి నంది? 'ప్రేమించు'లో చూపులేని అమ్మాయిగా చేసిన లయకు.

ఫ్యాక్షన్ సినిమాలో హీరోకు పగ ఉంటుంది, ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, ఊరు ఉంటుంది. హీరోయిన్‌కు పాటలు ఉంటాయి. సీమ ఆడవాళ్లు అంటే తెల్లచీర కట్టుకుని ఏడ్చే తల్లో, వదినో. అంతే.

నిజ జీవితం అలా ఉందా? పెనుకొండనే తీసుకోండి. ఎమ్మెల్యే పరిటాల రవి 2005 జనవరిలో హత్యకు గురయ్యారు. తర్వాత ఉప ఎన్నికలో ఆయన భార్య పరిటాల సునీత గెలిచారు. ఆపై రాప్తాడు నుంచి గెలిచి మంత్రి కూడా అయ్యారు. పరిటాల రవి జీవితం ఆధారంగా రాంగోపాల్ వర్మ 2010లో 'రక్తచరిత్ర' తీశారు. భార్య పాత్రలో రాధికా ఆప్టే. మంచి నటే. కానీ కథ మగవాళ్ల పగ దగ్గరే తిరిగింది. భర్త పోయాక ఓట్ల కోసం జనంలోకి వెళ్లిన ఆడమనిషి కథ సినిమాగా రాలేదు. 2024లో పెనుకొండ మళ్లీ ఓ మహిళనే గెలిపించింది. ఎస్. సవిత ఇప్పుడు చేనేత, బీసీ సంక్షేమ శాఖల మంత్రి.

ధర్మవరం సంగతీ అంతే. పట్టుచీర అంటే ధర్మవరం. సినిమా పెళ్లి సీన్లో ఆ చీర కనిపిస్తుంది. చీర వెనక మగ్గం, మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టే ఆడవాళ్ల చేతులు కనిపించవు. ఢిల్లీకి వెళ్లిన నాలుగు సినిమాల్లో సీమ యాసతో గుర్తుండిపోయే ఆడపాత్ర ఒక్కటీ లేదు.

మినహాయింపు లాంటిది ఒకటుంది. 2009లో వచ్చిన 'అరుంధతి'. కథ గద్వాలది అయినా, అందరికీ గుర్తున్న ఆ బంగ్లా మన సీమలోని బనగానపల్లెలో ఉంది. అనుష్కకు ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. నంది ఉత్తమ నటి మాత్రం 'సొంత ఊరు' సినిమాకు తీర్థకు దక్కింది. అనుష్కకు స్పెషల్ జ్యూరీ అవార్డు ఇచ్చారు. అప్పుడు పెద్ద చర్చే నడిచింది. ఒకే ఏడాది రెండు బలమైన ఆడపాత్రలు ఉంటేనే అలాంటి చర్చ సాధ్యం. అసలైన రేసు అంటే అది.

సౌందర్య దారి

హిందూపురం దాటితే కర్ణాటకే. కోలారు జిల్లా ముళబాగిలు నుంచి వచ్చిన సౌందర్య తెలుగులో టాప్ హీరోయిన్. అయినా తనకు కావాల్సిన పాత్ర కోసం ఆమె ఏం చేసింది? సొంత డబ్బు పెట్టి, గిరీష్ కాసరవళ్లి దర్శకత్వంలో కన్నడ 'ద్వీప' నిర్మించింది. డ్యామ్ నీళ్లలో మునిగిపోతున్న ఊరిని వదలని కుటుంబం కథ. 49వ అవార్డుల్లో అది దేశంలోనే ఉత్తమ చిత్రం. స్వర్ణకమలం అందింది నిర్మాతగా సౌందర్యకు. ఉత్తమ నటి మాత్రం ఆ ఏడాది టబు, శోభన పంచుకున్నారు.

దీన్ని ఓటమి అనగలమా? పాత్ర దొరక్కపోతే తనే తయారు చేసుకుంది. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు దగ్గర విమాన ప్రమాదంలో ఆమె చనిపోయింది. లేకపోతే ఆ దారిలో ఇంకెంత దూరం వెళ్లేదో.

ఇంటి దగ్గర అవార్డే లేకపోతే?

ఢిల్లీ సంగతి అలా ఉంచి, మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2014, 2015, 2016 సినిమాలకు నంది అవార్డులను 2017 నవంబరులో ప్రకటించారు. ఉత్తమ నటీమణులు వరుసగా అంజలి (గీతాంజలి), అనుష్క (సైజ్ జీరో), రీతూ వర్మ (పెళ్లిచూపులు). ఆ తర్వాత నందుల ప్రకటన ఆగిపోయింది.

తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు మొదలుపెట్టింది. 2024 సినిమాలకు ఉత్తమ నటి '35 చిన్న కథ కాదు' నివేదా థామస్. తిరుపతిలో జరిగే కథ, లెక్కల్లో వెనకబడ్డ కొడుకు కోసం తనే మళ్లీ చదువుకునే తల్లి పాత్ర. సీమ గడ్డ మీద నడిచే కథలో ఇల్లాలే హీరో. అవార్డు ఇచ్చింది మాత్రం హైదరాబాద్! 2014 నుంచి 2023 వరకు సినిమాలకు కూడా గద్దర్ అవార్డులు ఇచ్చారు కానీ, అవి ఉత్తమ చిత్రాలకే.

అంటే ఏమైంది? 2017 నుంచి 2023 వరకు ఏడేళ్ల సినిమాలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఉత్తమ నటి అవార్డు లేదు. 'మహానటి' కీర్తి సురేష్‌కు ఢిల్లీ ఇచ్చింది కానీ, ఇంటి దగ్గర ఆమెకు ఇవ్వడానికి అవార్డే లేదు.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ అవార్డు పారితోషికం అప్పట్లో 50 వేలు, 70వ అవార్డుల నుంచి 2 లక్షలు. స్టార్ హీరోయిన్‌కు అదో లెక్క కాదు. కానీ పేరులేని నటికి, చిన్న నిర్మాతకు అవార్డు అంటే తర్వాతి సినిమాకు దొరికే టికెట్. 'సొంత ఊరు' లాంటి చిన్న సినిమా పేరు ఇవాళ మనం తలుచుకుంటున్నామంటే ఆ నంది వల్లే.

ఫైనల్‌గా..

వచ్చే అవార్డుల సీజన్లో మళ్లీ 'రేసులో ఎవరు?' అనే వీడియోలు వస్తాయి. మేమూ చేస్తాం, మీరూ చూస్తారు. కానీ ఆ రేసు ఢిల్లీలో మొదలు కాదు. హైదరాబాద్‌లో ఓ రైటర్ కథ చెప్పేటప్పుడే మొదలవుతుంది. హీరోయిన్‌ను పక్కన పెట్టినా కథ నడుస్తుందంటే అప్పుడే ఓడిపోయినట్టు.

'భగవంత్ కేసరి'తో హిందూపురం ఎమ్మెల్యే ఓ ఆడపిల్ల కథను తెలంగాణ యాసలో చెప్పి హిట్ కొట్టారు, జాతీయ అవార్డూ తెచ్చారు. అదే పని మన యాసలో జరగాలి. ధర్మవరం మగ్గం ముందు కూర్చున్న అమ్మాయో, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి షిఫ్ట్ బస్సెక్కే అమ్మాయో హీరోయిన్ కావాలి. జ్యూరీ ఏమంటుందో తర్వాత చూద్దాం. ముందు చూడటానికి ఓ సినిమా ఉండాలి కదా!