చలి వెళ్లాక... గీజర్‌ సంగతేంటి?

నాలుగు నెలలు ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్లు కాచి పోసింది. ఇప్పుడు స్విచ్‌ ఆపేసి మర్చిపోతే, వచ్చే చలికాలంలో అది మనకు గుర్తుచేస్తుంది... ఒక్కోసారి చాలా గట్టిగా!

శివరాత్రి దాటింది. దుప్పట్లు ఉతికి, ఎండలో ఆరేసి అటకెక్కిస్తారు. స్వెట్టర్లు కలరా ఉండలు వేసి బీరువాలో సర్దేస్తారు. మరి స్నానాలగది గోడకు వేలాడే గీజర్‌? స్విచ్‌ ఆపేస్తారు. అంతే!

'ఏమండీ, ఈమధ్య నీళ్లు సరిగ్గా కాగట్లేదు, మెకానిక్‌ని పిలుద్దామా?' అని ఇల్లాలు అడుగుతుంది. 'ఎండలొచ్చేశాయిగా... కార్తీకంలో చూద్దాంలే' అంటాడు ఇంటాయన. తీరా కార్తీకం వస్తుంది. తెల్లవారుజామున తలస్నానానికని స్విచ్‌ వేస్తే ఇల్లంతా చీకటి! మెకానిక్‌కి ఫోన్‌ చేస్తే, ఊరందరికీ అప్పుడే గీజర్‌ గుర్తొచ్చింది కాబట్టి, నాలుగు రోజులదాకా ఖాళీ లేదంటాడు.

ఒకప్పుడు పెరట్లో రాగి బాయిలర్‌ ఉండేది. రోజూ బూడిద తీసేవారు, పండగొస్తే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేవారు. మసి కళ్లెదుటే కనిపించేది కాబట్టి ఎవరూ చెప్పనక్కర్లేదు. గీజర్‌ పైకి ఎప్పుడూ తెల్లగా, శుభ్రంగానే ఉంటుంది. మురికంతా లోపల. అదే చిక్కు!

లోపలేం జరుగుతుంది?

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు కాగినప్పుడు ఇవి సుద్దలా విడిపోయి కొంత రాడ్‌కి అంటుకుంటాయి, కొంత ట్యాంకు అడుగున మడ్డిలా పేరుకుంటాయి. రోజూ నీళ్లు మరిగించే గిన్నెలో కనిపించే తెల్లటి పొరే ఇదీనూ. ఆ పొర మందమయ్యేకొద్దీ రాడ్‌లోని వేడి నీళ్లకు త్వరగా చేరదు. రాడ్‌ లోలోపలే కాగిపోయి చివరికి పగిలిపోతుంది. పగిలిన రాడ్‌లోంచి కరెంటు నీళ్లలోకి పాకుతుంది. ఎర్తింగ్‌ సరిగా లేని ఇంట్లో దాని ఫలితం ఏమిటో చెప్పనక్కర్లేదు.

గీజర్‌ వేసినప్పుడు ఎసరు మరిగినట్టు టపటపమని చప్పుడొస్తోందంటే లోపల సుద్ద పేరుకుందనే అనుమానించాలి. మరో పరీక్ష గడియారంతో. 2000 వాట్ల రాడ్‌ ఉన్న 15 లీటర్ల గీజర్‌, 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు చాలు. 25 లీటర్లదైతే అరగంట. మీ ఇంట్లో లైటు ఆరడానికి అంతకు చాలా ఎక్కువసేపు పడుతోందా? అయితే మెకానిక్‌ని పిలవాల్సింది కార్తీకంలో కాదు, ఇప్పుడే.

ముందు కడుపు ఖాళీ

వేడినీళ్ల పంపు తిప్పి వదిలేస్తే ట్యాంకు ఖాళీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. చన్నీళ్లు కిందినుంచి లోపలికి వెళ్తుంటే వేణ్ణీళ్లు పైనుంచి బయటికొస్తాయి. కాబట్టి పంపు ఎంతసేపు తిప్పినా అడుగున మడ్డి కదలదు.

ముందురోజు రాత్రే స్విచ్‌ ఆపి ప్లగ్గు తీసేయండి. తెల్లారేసరికి నీళ్లు చల్లబడతాయి. నీళ్లు లోపలికెళ్లే పైపు వాల్వు కట్టేసి, గాలి ఆడటానికి వేడినీళ్ల పంపు తెరిచి, ఆ తర్వాత కింద ఉన్న సేఫ్టీ వాల్వు మీట ఎత్తండి. బకెట్‌లోకి పడే నీళ్ల రంగు చూస్తే ఏడాదంతా మనం దేంతో స్నానం చేశామో తెలిసిపోతుంది! ఒకట్రెండుసార్లు మళ్లీ నింపి, తేటగా వచ్చేదాకా వదిలేయాలి. కొన్ని మోడళ్లకు మీట ఉండదు. అలాంటప్పుడు పైపులు విప్పే పని మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

రాడ్‌ బయటకు తీసి సుద్ద గీకడం కూడా అతని పనే. అతనొచ్చినప్పుడు మెగ్నీషియం కడ్డీ కూడా చూపించమనండి. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా, దానికి బదులు తాను కరిగిపోయే కడ్డీ ఇది. సగానికి పైగా అరిగిపోయి ఉంటే మార్చేయాల్సిందే. కడ్డీ ఖర్చుకు వెనకాడితే ట్యాంకు చిల్లుపడి కొత్త గీజరే కొనాల్సి వస్తుంది. రాడ్‌ బిగించేటప్పుడు కొత్త వాషర్‌ వేయించండి. బాత్‌రూమ్‌ కడిగే యాసిడ్‌ ట్యాంకులో పోసే చిట్కాల జోలికి మాత్రం వెళ్లొద్దు. లోపలి పూత దెబ్బతింటుంది.

ఆ చుక్కల్ని ఆపొద్దు!

నీళ్లు కాగుతున్నప్పుడు గీజర్‌ కింద వాల్వు నుంచి చుక్కలు పడుతుంటాయి. 'లీకవుతోంది' అని కొందరు దాన్ని సీలు పెట్టి మూసేయిస్తారు. ఇంతకంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల నీరు మరిగే స్థితికి వచ్చేసరికి దాదాపు లీటరు పెరుగుతుంది. ఆ పెరిగింది బయటికి పోయే దారే ఆ వాల్వు.

థర్మోస్టాట్‌ పాడై, కటౌట్‌ పనిచేయక, వాల్వు కూడా మూసుకుపోతే ట్యాంకులో నీళ్లు నూరు డిగ్రీలు దాటినా ఆవిరి కాలేక ఒత్తిడి పెంచుతూ పోతాయి. ట్యాంకు పగిలిన క్షణాన ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే 1600 రెట్లకు పైగా చోటు కావాలి. గీజర్లు పేలేది ఇలాగే. సీజన్‌ చివర మీట ఎత్తినప్పుడు వాల్వులోంచి నీళ్లు రాకపోతే అది సుద్దతో బిగుసుకుపోయిందని అర్థం. మార్చేదాకా స్విచ్‌ ముట్టుకోవద్దు.

గ్యాస్‌ గీజర్‌ ఉంటే...

దీని ప్రమాదం వేరు. గాలి చాలక గ్యాస్‌ సరిగా మండకపోతే కార్బన్‌ మోనాక్సైడ్‌ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం... మనిషికి విషయం అర్థమయ్యేలోపే కాళ్లు లేవవు. అందుకే గ్యాస్‌ గీజర్‌ బాత్‌రూమ్‌లో ఉండకూడదు. గాలి బాగా ఆడే చోట, బయట ఉండాలి. లోపల ఉంటే మార్పించడానికి ఇంతకంటే మంచి సీజన్‌ లేదు.

మంట నీలంగా కాక పచ్చగా వస్తున్నా, పైన మసి కనిపించినా బర్నర్‌ శుభ్రం చేయించాలి. వాడని నెలల్లో సాలీళ్లు బర్నర్‌ గొట్టాల్లో గూళ్లు కడతాయి. కాబట్టి మళ్లీ మొదలుపెట్టే ముందు మరోసారి చూపించాలి. సిలిండర్‌ రెగ్యులేటర్‌ ఆపేయండి, రబ్బరు ట్యూబులో పగుళ్లున్నాయేమో చూడండి. మంట అంటించే బ్యాటరీలు తీసేయడం మరవొద్దు. ఎండల్లో కారి లోపలి భాగాలు తినేస్తాయి.

ఇక బకెట్‌లో పెట్టే హీటర్‌ రాడ్‌. ప్లగ్గు తీసి, వెనిగర్‌ కలిపిన నీళ్లలో కాయిల్‌ భాగం మాత్రమే నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిస్తే సుద్ద వదిలిపోతుంది. వైరు చిట్లినా, ప్లగ్గు నల్లబడినా దాచుకోవద్దు. పారేయండి.

మళ్లీ వేసే రోజున

ఖాళీ చేసిన గీజర్‌కు 'నీళ్లు లేవు' అని రాసి స్విచ్‌ మీద కాగితం అంటించండి. ఖాళీ ట్యాంకుకు కరెంటిస్తే రాడ్‌ నిమిషాల్లో మాడిపోతుంది. చలి మొదలయ్యాక ముందు పైపు వాల్వు తెరిచి, వేడినీళ్ల పంపులోంచి ఆగకుండా ధార వచ్చేదాకా చూసి, అప్పుడు స్విచ్‌ వేయాలి. అంతకుముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్‌ చూపించుకోవాలి. మెయిన్‌ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే 'టెస్ట్‌' మీట నొక్కి చూడండి. టక్కున పడిపోవాలి. లేకపోతే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోండి. ఎన్ని ఉన్నా, స్విచ్‌ ఆపాకే స్నానానికి వెళ్లే అలవాటు మాత్రం మానొద్దు.

ఇదంతా కలిపి ఒక ఆదివారం పూట పని. కార్తీక సోమవారం తెల్లవారుజామున, మెకానిక్‌ ఫోనెత్తక, పొయ్యి మీద గిన్నె పెట్టుకుని, నీళ్లు కాగుతాయా లేదా అని పదేపదే వేలు ముంచి చూసుకునే పనికంటే ఇది నయం కాదూ!