పెరటితోట: నీడ మొక్కలును, వాని నెచ్చెలులును

చల్లని దేశములవారి గృహోద్యానముల చిత్రములలో గోడ నీడను, చెట్ల క్రిందను వెడల్పాటి యాకులతో గుబురుగా పెరుగు హోస్టా యను మొక్కను జూచి, అట్టిదానిని మన పెరటిలో పెంచవచ్చునా యని కొందఱు సోదరీమణులు అడుగుచున్నారు. జపాను, చీనా, కొరియా దేశములు దాని జన్మభూములు. శీతకాలమున కొన్ని వారములు తీవ్రమైన చలిలో నిద్రించిననే గాని అది మరుసటి వసంతమున చక్కగా చిగుర్పదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు వేడియు, మంచెఱుగని శీతకాలమును గల మన యనంతపురపు సీమలో దానికై ధనము వెచ్చించుట వృథా. అయినను పెరటిలో పచ్చని, చల్లని మూల యొకటి యుండవలెనను కోరిక వృథా కాదు. అది మన మొక్కలతోనే తీరును.

ముందుగా నొక ధర్మమును విచారింపవలెను. ఇచ్చట ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి వచ్చుసరికి తడి కోల్పోవును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి నీరసించును. బోరుబావులు వందల యడుగులు దిగినను వేసవిలో నీరు తప్పిపోవుచుండును. అప్పుడు బిందె మోయునది ఇంటి యాడువారే. బడిగంట మ్రోగిన తరువాత తడిసిన పావడలతో పరుగెత్తివచ్చు బాలికలను ఉపాధ్యాయుల యింటివారమైన మేము ఎఱుగుదుము. కావున తోటకై ఒక్క బిందె మంచినీరైనను అదనముగా మోయింపరాదు. తోట యెంత యుండవలెనో నిర్ణయించు నధికారము నీరు మోయు చేతులదే.

మఱి తోటకు నీరెక్కడిది? బియ్యము, కూరలు కడిగిన నీరును, స్నానపు నీరును ప్రతి యింటను గలవు. సబ్బు నురుగు హెచ్చుగా నుండు చాకిరేవు నీటిని ఆకుకూరల మళ్లకు పోయరాదు. చిన్న కాలువ తీసి అరటికిని, మెట్టతామరకును మళ్లింపవలెను. రెండవది కప్పుమీది వాన. 20 చదరపు మీటర్ల కప్పుపై ఏటికి 11,000 లీటర్లు పడును. అందు ఐదవవంతు పోయినను 8,800 లీటర్లు మిగులును. 15 లీటర్ల బిందెతో కొలిచినచో 580 బిందెలకు పైమాట. నిలువచేయు తొట్టి లేనివారు చూరునీటిని మళ్లలోనికి పాఱించి నేలలో నింకనిచ్చినను మేలే.

ఇక నీడ. మన సీమలో నీడయే సంపద. కదిరి ప్రాంతమున, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. దాని నీడ దాదాపు అయిదెకరములు. మన పెరళ్లకు అంత భాగ్యము పట్టదు. బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున వరాహమిహిరుడు చెట్టునకును చెట్టునకును నడుమ 20 హస్తముల యెడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కంటె తగ్గరాదనియు చెప్పియున్నాడు. వేళ్లు పెనగొన్న చెట్లు సరిగా ఫలింపవని ఆయన హేతువు. హస్తమనగా సుమారు అడుగున్నర. కావున చిన్న పెరటికి పెద్దచెట్టు ఒక్కటే చాలును. పడమటి యెండకు అడ్డుగా మునగ నాటుట మేలు. దాని చిన్నయాకుల నడుమనుండి వెలుగు జల్లెడపట్టినట్లు దిగును. క్రింది మొక్కలు మాడవు, మగ్గవు.

ఆ నీడలో నాటదగినవి నాలుగు. స్నానపుటింటి కాలువ చెంత చేమ. దాని యాకు హోస్టాకంటె పెద్దది, దుంప కూరకు వచ్చును. దుంపలోని దురద పోవుటకు బాగుగా నుడికించి చింతపండుతో వండవలెను. కొంచెము ఎత్తైన మడిలో పసుపు. దాని ముందు చంద్రమూలము. ఇది పసుపు వంశమునకు చెందినదే, పరిమళించు దుంప గలది. గుండ్రని యాకులు నేలకు ఆనించి పఱచుకొనును. అమెరికా దక్షిణ భాగమున వేడికి హోస్టా నిలువని తోటలలో దీని చుట్టములనే దానికి బదులుగా పెంచుదురు. పసుపు, చంద్రమూలము తొలకరికి మొలచి, వానలు వెనుకబడి చలి ముదిరిన పిదప ఆకు రాల్చి దుంపరూపమున నిద్రించును. నీరు మిక్కిలి కఱవైన వేసవిలో ఇవి మనలను నీరడుగవు. నాలుగవది కనకాంబరము, అరనీడలో పూచి జడకు పూలిచ్చును.

నెచ్చెలుల మాట మన రైతులకు కొత్త గాదు. చెనిక్కాయ చేనిలో కంది సాళ్లు వేయుట అందఱెఱిగినదే. ఒక పంట తప్పినను మఱియొకటి దక్కును. పెరటిలో వంగ, టమాటా మొక్కల నడుమ బంతిని దట్టముగా నాటవలెను. దాని వేళ్లు నేలలోని నులిపురుగులను తగ్గించును. కాయదొలుచు పురుగు సైతము టమాటాను విడిచి బంతిపూలకు పోవును. అట్టి పూలను వెంటనే కోసివేయవలెను. అలసంద వేళ్లు నేలకు నత్రజని చేర్చును. కొత్తిమీర మొక్కలు కొన్నింటిని పూతకు విడిచినచో హానికర కీటకములను తిను మంచి కీటకములు వచ్చి చేరును.

క్రొత్త మడికి వరాహమిహిరుడు చెప్పిన తొలిపని నువ్వులు చల్లి, పూచినప్పుడు నేలలో త్రొక్కివేయుట. ఎఱ్ఱనేలకు అదియే పచ్చిరొట్ట. నాటిన పిమ్మట చెనిక్కాయ పొట్టు నాలుగంగుళముల మందము పఱచినచో తడి ఆఱదు. మొక్కల నడుమ మట్టికుండను మెడవఱకు పాతి, నీరు నింపి, మూత వేసినచో చెమ్మ మెల్లగా వేళ్లకే చేరును. ఎండకు ఆవిరియై పోదు.

ఇంత చేసినను వానలు తప్పిన యేడు వచ్చును. ఆనాడు దేనిని ముందు విడువవలెనో ఇప్పుడే నిశ్చయించుకొనుట మంచిది. మా యింట క్రమమిది: మొదట కనకాంబరము, పిమ్మట అరటి, చేమ, ఆపైన వంగ, టమాటా. పసుపును, చంద్రమూలమును నేలలోనే నిద్రింపనిత్తుము. కడవఱకు నిలుపునవి మునగయు, కరివేపయు. మన రాష్ట్రమున స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనతతో బాధపడుచున్నారని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెల్పినది. ఇనుము గల మునగాకు పప్పులో పడుచున్నంతవఱకు ఆ పెరడు ఎండినట్లు కాదు. మొదటి వానకు మునగకొమ్మ యొకటి పడమటి మూల నాటుడు. తక్కినవి దాని నీడ పరచిన పిదప నాటుకొనవచ్చును.