బట్టా భక్తీ

హిందూపురంలో నేను టీ తాగే అంగడికి ఒక పెద్దమనిషి వస్తుంటాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించే మనిషి. మొన్న ఫోను తెరిచి ఒక వార్త చూపించాడు. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో వైట్‌టైల్ అని ఒక విడిది ఉంది. బట్టలు లేకుండా బతకడం ఇష్టమైనవాళ్ళు చేరే చోటు. అందులో ఒక చిన్న చర్చి. పాస్టరు ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి వాక్యం చెబుతాడు, వినేవాళ్ళూ అంతే. 2014లో పత్రికల్లోకెక్కిన సంగతి తిరిగి తిరిగి ఇప్పటికి ఈయన ఫోనుకు చేరింది. ఛీ అంటాడనుకున్నాను. "దేవుని ముందర దాచిపెట్టుకునేదేముండాది సార్? ఆదాము అవ్వా ఉన్నెట్లే ఉండారు వాళ్ళు" అన్నాడు, కళ్ళు అరమోడ్చి.

పోయిన నెల వాళ్ళింట్లో కూటమికి పిలిస్తే మాట తీసేయలేక వెళ్ళాను. ప్రార్థన నడుమ కోడలి తలమీది కొంగు జారింది. దానికి ఆ పిల్లను నలుగురిలో నిలబెట్టి ఏడ్చేదాకా కడిగిందీ ఈ మనిషే. అమెరికావాడికి ఒళ్ళంతా మినహాయింపు, కోడలికి తలవెంట్రుకలు కూడా అపచారం.

ఆ నగ్న చర్చి మీద నాకు కోపం లేదు. ఈడొచ్చినవాళ్ళు, గేటు వేసుకుని, వాళ్ళిష్టంతో విప్పుకుంటే నాకేం పోయింది? నా పేచీ దానికి దేవుణ్ణి సాక్షిగా పిలవడం మీద. ఆదికాండంలో దర్జీ ఆ దేవుడే, చర్మపు చొక్కాలు చేసి తొడిగాడు. యెషయా ప్రవక్తను మూడేళ్ళు బట్టల్లేకుండా తిప్పిందీ ఆయనే. బొహీమియాలో మేం ఆదాము బిడ్డలమని బట్టలు విడిచినవాళ్ళను 1421లో తుడిచిపెట్టిన యాన్ జిష్కా కూడా అదే పుస్తకం చదివినవాడే. విప్పమనడానికీ కప్పమనడానికీ వచనం ఉంది. కర్ర ఎవరి చేతిలో ఉంటే వచనం వాడిది.

మన దేశానికీ ఈ ముచ్చట కొత్త కాదు. 1891లో బొంబాయి పక్కన ఠాణేలో చార్లెస్ క్రాఫర్డ్ అనే జిల్లా జడ్జి ఒక నగ్న సంఘం పెట్టాడు. సభ్యులు ముగ్గురంటే ముగ్గురు. మిగతా ఇద్దరూ ఒక మిషనరీ కొడుకులు! ఈ దేశపు ఆడవాళ్ళకు రవిక తొడగడమే నాగరికత అని మిషన్లు చెబుతున్న కాలమది. అంతకు ముప్పై రెండేళ్ళ ముందు, 1859లో, తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు ఎద కప్పుకోవడానికి రాజుగారి ఉత్తర్వు కావలసివచ్చింది. అంతకుముందు కొన్ని దశాబ్దాలుగా, కప్పుకుని బజారుకొస్తే చింపేవారు. తీరా వచ్చిన ఉత్తర్వులోనూ మెలిక పెట్టారు: పెద్దకులాల ఆడవాళ్ళు కప్పుకున్న తీరులో మాత్రం కప్పుకోకూడదట. అక్కడ మిషనరీలు నాడార్ల పక్షాన నిలబడ్డారు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక మా ఊరి పక్క పెనుకొండ. జైనుల నాలుగు విద్యాస్థానాల్లో ఒకటని చెప్పుకుంటారు, పార్శ్వనాథుడి గుడి ఇప్పటికీ ఉంది. అన్నీ వదిలినవాడికి గుడ్డ మాత్రం ఎందుకన్న దిగంబర మునుల తర్కం నాకు అర్థమవుతుంది. నెమలి పింఛమూ కమండలమూ తప్ప ఏమీ లేని మనిషి మీద కొంత గౌరవం కూడా ఉంది. ఆ తర్కం ఆడదాని గుమ్మం దాకా వచ్చాక చూడాలి. గుడ్డ వదిలితేగానీ మోక్షం లేదు. ఆడది గుడ్డ వదలకూడదు. అంచేత ఆడదానికి ఈ జన్మలో మోక్షం లేదు, మగవాడిగా పుట్టి రావాలి. తెల్లచీర కట్టి, జుట్టు చేత్తో పీక్కుని, ఒంటిపూట తిండితో ఎండిపోయే ఆర్యికలకు దక్కేది ఆ వచ్చే జన్మ టికెట్టు.

2016 ఆగస్టులో తరుణ్ సాగర్ ముని హర్యానా శాసనసభలో దిగంబరంగా కూర్చుని ప్రసంగించాడు. భార్యాభర్తలు ఎలా మసలుకోవాలో కూడా అందులో ఉంది. దాన్ని ఎగతాళి చేసిన సంగీత దర్శకుడు విశాల్ దద్లానీ మీద కేసు పెట్టారు. 2019లో హైకోర్టు కేసు కొట్టేస్తూనే 10 లక్షలు కట్టమంది. ఆ 10 లక్షల భారం 2025లో సుప్రీంకోర్టు దించింది. బట్టల్లేని మనిషిని చూసి నవ్వినందుకు తొమ్మిదేళ్ళు.

ధర్మవరంలో మా మేనమామ గుంత మగ్గం నేసేవాడు. వేసవిలో గుంతలోకి దిగితే నిక్కరు తప్ప ఒంటిమీద ఏమీ ఉండదు, చెమట పడి పట్టు మరక అవుతుందని మెడకో తువ్వాలు. జరీ అంచు చీర అమ్మవారికి పోయేది. మా అత్తకున్నవి రెండు నూలు చీరలు, ఒకటి ఆరేదాకా ఇంకొకటి. ఆయన నగ్నత్వాన్ని ఎవరూ వైరాగ్యం అనలేదు.

అసలు కడుపు మండేది వేరే చోట. మన ఎల్లమ్మనే శివమొగ్గ జిల్లా చంద్రగుత్తిలో రేణుకాంబ అంటారు. మొక్కున్నవాళ్ళు వరదా నదిలో మునిగి, తడి ఒంటితో, బట్టల్లేకుండా కొండమీది గుడిదాకా మైళ్ళు పరుగెత్తేవాళ్ళు. కన్నడంలో దాన్ని బెత్తలె సేవె అంటారు. పిల్లలు కలగలేదనో, ఒంటిమీద మచ్చలు పోవాలనో మొక్కుకున్న దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్ళే అందులో ఎక్కువ. దారికిరువైపులా చూడ్డానికి వచ్చిన మగవాళ్ళు, కెమెరాలు. అడిగితే అక్కడా టీ అంగడి జవాబే: తల్లి ముందు బిడ్డకు సిగ్గేమిటి? ఆ తల్లికి ధర్మకర్త ఇంటి ఆడవాళ్ళు బిడ్డలు కారా అని మాత్రం అడక్కూడదు. 1986 మార్చిలో దళిత సంఘర్ష సమితి వాళ్ళు దీన్ని ఆపబోయారు. జనం తిరగబడి వాళ్ళ బట్టలు ఊడదీశారు. పోలీసుల బట్టలూ ఊడదీశారు, ఆడ పోలీసులని కూడా చూడలేదు. అలాగే ఊరేగించారు. ఆ తర్వాత నిషేధం వచ్చింది. ఏళ్ళ తరబడి పేద ఆడవాళ్ళు పరుగెత్తినప్పుడు అది ఆచారం. ఖాకీ ఊడాక నేరమైంది.

పాత కథ అనకండి. 2021 సెప్టెంబరులో మధ్యప్రదేశ్ దమోహ్ జిల్లాలో వానల కోసం ఆరుగురు ఆడపిల్లలను బట్టల్లేకుండా ఊరంతా తిప్పారు. అందులో అయిదేళ్ళ పిల్లలున్నారు. భుజం మీద రోకలి, రోకలికి కట్టిన కప్ప. వెనక పాటలు పాడుతూ నడిచింది వాళ్ళ సొంత ఇళ్ళ ఆడవాళ్ళే.

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాది పెనుకొండ దగ్గర పల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే బాగా పడిందనుకునే సీమ. నాకు ఏడేళ్ళప్పుడు ఆషాఢం దాటినా చినుకు లేదు, వేరుశనగ విత్తనం ఇంట్లోనే పుచ్చిపోతోంది. పలక మీద బంకమట్టితో వానదేవుణ్ణి చేసి, ఒక పిల్లవాడి బట్టలు విప్పి, పలక వాడి నెత్తిన పెట్టారు. ముందు నన్నే అడిగారు. "మా వానికి జలుబు" అంది మా అవ్వ. నాకు జలుబు లేదు. ఊరి చివర కూలికి పోయే ఇంటి పిల్లవాడు దొరికాడు, నా తరగతే. ఇంటింటి ముందూ వాడి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించారు. తాగడానికే నీళ్ళు లేని కాలం! మా ఇంటి ముందు పోసింది మా అవ్వే. వాడు నన్ను చూశాడు. నేను చొక్కా తొడుక్కుని గడప మీద నిలబడి ఉన్నాను.

వాన రాలేదు. మరుసటేడూ అంతే. మళ్ళీ వాణ్ణే పిలుచుకురమ్మంటే పెద్దవాళ్ళ వెంట నేనూ పోయాను. వాడు జొన్న గాదె వెనక దాక్కున్నాడు. పిల్లోడు ఇంట్లో లేడని వాళ్ళమ్మ చెప్పింది. గాదె కింద నుంచి వాడి కాళ్ళు నాకు కనబడుతూనే ఉన్నాయి. పెద్దవాళ్ళు కాసేపు నిలబడి, పక్కింటికి పోయారు.