బాయిలకు దిగని సెన్సరు ఎవరికోసం?

విజ్ఞానశాస్త్రం ప్రజల కోసం అన్న మాట మన సభల్లో ఎంత తేలికగా అనేస్తామో, దాన్ని ప్రయోగశాల గడప దాటించటం అంత కష్టం. ఈ మధ్య సైన్సు సెమినార్లలో తరచుగా వినపడే మాట కార్బన్ నానోట్యూబు. విషవాయువులను కనిపెట్టే సెన్సర్లలో వీటిని వాడవచ్చుననీ, గాలిలో పది లక్షల వంతుల్లో ఒకటి రెండు వంతులున్నా పట్టేస్తాయనీ చెప్తారు. నిజమే. పట్టేది ఎక్కడి గాలిలో అన్నదే నా ప్రశ్న. సిలిండరులోంచి వదిలిన శుభ్రమైన నత్రజనిలోనా, ఎనుమాముల మార్కెట్ గాలిలోనా?

ముందు సంగతేమిటో చెప్పుకుందాం. ఆర్ట్స్ మిత్రులు పేజీ తిప్పేయవద్దని మనవి. పెన్సిల్లో ఉండే గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక్క పొరను తీసి చాప చుట్టినట్టు చుట్టారనుకోండి, అదే నానోట్యూబు. దాని అడ్డుకొలత ఒకటి రెండు నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందాన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒకటి. ఇటువంటి గొట్టాల ఫోటోలు 1952లోనే ఒక రష్యన్ పత్రికలో వచ్చినా, 1991లో జపాన్ శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా వ్యాసంతోనే లోకం కళ్ళు వీటిపై పడ్డాయి. ఒంటిపొర గొట్టంలో ప్రతి పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది, లోపల దాక్కున్నదంటూ ఏదీ లేదు. అందుకే బయటినుంచి ఏ వాయువు అణువులు వచ్చి అంటుకున్నా అందులో పారే కరెంటు మారిపోతుంది. 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హోంగ్జీ దాయ్ బృందం దీన్ని చేసి చూపించింది. నైట్రోజన్ డయాక్సైడ్ తగిలితే కరెంటు పెరిగింది, అమోనియా తగిలితే తగ్గింది. అదీ మామూలు గది వేడిమిలోనే, సెకన్లలో. టిన్ ఆక్సైడ్ రకం పాత సెన్సర్లను రెండు మూడు వందల డిగ్రీలకు వేడిచేస్తే గాని సరిగా పలకవు. వేడి అక్కర్లేకపోతే చిన్న బ్యాటరీ చాలు. 2012లో ఎం.ఐ.టి.లో టిమొతీ స్వేగర్ బృందం ఇంకో అడుగు వేసింది. నానోట్యూబుల పొడిని అదిమి పెన్సిల్ ములుకులాగా చేసి, దానితో కాగితం మీద గీత గీసి, ఆ గీతతోనే అమోనియాను పట్టుకుంది. పెన్సిల్ గీత! ఇంత చవక పనిముట్టు మన ఊళ్ళకు కాక ఇంకెవరికి కావాలి?

మా తాతల కాలంలోనూ గ్యాస్ సెన్సరు ఉండేది. వాడకుండా పడివున్న బాయిలకు పూడిక తీయటానికో, మోటరు చూడటానికో దిగేముందు వెలిగించిన కందిలిని తాడుకు కట్టి వదిలేవాళ్ళు. కందిలి ఆరిందా, ఇక ఎవ్వరూ దిగరు. గాలిలో 21 శాతం ఉండవలసిన ఆక్సిజన్ 16 దగ్గరికి పడిపోతే మంట నిలవదు, మనిషికీ కష్టమే. ఆ లెక్క తెలియకపోయినా ఆ కందిలి ఎందరి ప్రాణాలు కాపాడిందో! కాని హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి కందిలి చెప్పదు. అది కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుందని మనం ఇంటర్మీడియట్‌లో చదివాం. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదన్నది పరీక్షల్లో అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఇళ్ళల్లో కందిళ్ళు లేవు, సెల్‌ఫోన్ టార్చి పట్టుకొని దిగుతున్నారు. టార్చి ఏ గాలికీ ఆరదు. ఒకడు లోపల పడిపోతే తీయబోయిన రెండోవాడూ అక్కడే ఉండిపోతాడు. పాత పనిముట్టు పోయింది, కొత్తది రాలేదు. దీన్ని రైతుల అజ్ఞానం అని తేల్చేసే పెద్దలతో నాకు పేచీ ఉంది.

ఇక మిర్చి సంగతి. ధర పడిపోయినప్పుడు మా నాయినలాంటి రైతులు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తారు. ఆ చల్లదనం చాలాచోట్ల అమోనియా పుణ్యమే. పది గంటల దాకా చేసే పనికి గాలిలో అమోనియా పది లక్షల్లో 25 వంతులు మించకూడదనీ, 300 వంతులైతే వెంటనే ప్రాణానికి ముప్పనీ అమెరికా ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ రెండు అంకెల మధ్య ఎక్కడ ఉన్నామో బస్తాలు మోసే హమాలీకి ఎవరు చెప్పాలి? వాసన వస్తుంది కదా అంటారు. మిర్చి ఘాటులో పొద్దంతా తుమ్ముతూ పనిచేసేవాడికి ఏ ఘాటు ఏదో ఎట్లా తెలుస్తుంది? అమోనియాను పట్టే సెన్సర్లు ఇవాళే బజారులో దొరుకుతున్నాయి. నానోట్యూబులు వచ్చేదాకా ఆగుదామనే సాకు ఏ యజమానికీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఉన్నది ముందు పెట్టాలి. కొత్తది చవకగా వస్తే, ఒకటి పెట్టినచోట పది పెట్టవచ్చు.

ఒకటికి పది ఎందుకంటే, విశాఖపట్నం చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. సుమారు 1,800 టన్నుల స్టైరీన్ ఉన్న ట్యాంకులో వేడిని అడుగుభాగంలోనే కొలిచారు, పైభాగంలో వేడెక్కుతున్నది కనపడలేదు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఈ సంగతి చెప్పింది. సైరన్లు ఉండి కూడా మోగలేదనీ చెప్పింది. అంటే కొలిచే పరికరం ఉంది, ఉండవలసినచోట లేదు. అరిచే పరికరం ఉంది, అరిపించే మనిషి లేడు. 1984 డిసెంబరు భోపాల్ తర్వాత 35 ఏళ్ళకు మన పాఠం ఇంతవరకే వచ్చింది. రెండో లోటు నానోట్యూబుతో తీరదు. మొదటిదానికి మాత్రం అది పనికిరావచ్చు.

రావచ్చు అనటమే గాని, వస్తుందని ఇప్పుడే అనలేను. నానోట్యూబుకు మొహమాటం లేదు, తేమ వచ్చినా అంటించుకుంటుంది. శ్రావణంలో వరంగల్ గాలికి దాని కరెంటు మారితే, మారింది అమోనియా వల్లనా ముసురు వల్లనా? ఒకసారి అంటుకున్న వాయువు వదిలిపోవటానికి గంటలు పట్టవచ్చునని స్టాన్‌ఫర్డ్ ప్రయోగంలోనే తేలింది. పైగా ఏ వాయువు ఏదో విడదీసి చెప్పటానికి గొట్టానికి లోహమో, పాలిమరో పూత వేయాలి. హైడ్రోజన్‌కు పల్లేడియం అట్లాంటిదే. ఆ విడదీయటం చిన్న విషయం కాదు. 2022 జూన్‌లో అచ్యుతాపురంలో దుస్తుల ఫ్యాక్టరీలో చాలామంది ఆడవాళ్ళు పడిపోయినప్పుడు మొదట అమోనియా అన్నారు. పరీక్షల తర్వాత క్లోరోపైరిఫాస్ అని ప్రకటించారు. అది మేము చేలల్లో కొట్టే పురుగుమందు! ఇంకొక మాట, నానోట్యూబు పొడిని పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొడవాటి గట్టి గొట్టాలు ఆస్బెస్టాస్ నారలాగా ప్రవర్తిస్తాయని 2008లో ఎలుకల మీది ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఆ పొడిని మాస్కు లేకుండా ముట్టే ఉత్సాహవంతులకు నమస్కారం.

ఈ లోపాలన్నీ పుస్తకాల్లో ఉన్నవే. మిర్చి దుమ్ములో, మే నెల ఎండలో, కరెంటు పోయి వచ్చే గోదాములో ఈ సెన్సరు ఎన్నాళ్ళు నిజం చెప్తుందో మాత్రం ఇక్కడ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అది చూడవలసింది బోస్టన్‌లో కాదు. 1959లో ఆర్.ఇ.సి.గా మొదలైన ఎన్.ఐ.టి. మన ఊళ్ళోనే ఉంది. 1976 నుంచి మన విశ్వవిద్యాలయం ఉంది. రెండింటి నుంచీ ఎనుమాముల ఎంత దూరం? ఆటో ఎక్కితే సరి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఏటా ఒక్కటి ఇందుకు కేటాయించండి. నానోట్యూబు సెన్సరు ఒకటి, బజారులో దొరికేది ఒకటి, తేమ కొలిచేది ఒకటి, ఈ మూడింటినీ ఒక కోల్డ్ స్టోరేజీలో పక్కపక్కన పెట్టి మూడు నెలలు రోజూ రాసిపెట్టాలి. ఫలితం బాగా రాకపోతే బాగా రాలేదనే అచ్చువేయాలి. లోపలికి రానివ్వటానికి యజమానులు జంకుతారు, కాబట్టి అడిగేటప్పుడు హమాలీ సంఘాన్ని వెంట తీసుకుపోవటం మంచిది. బస్తాలు లోపలికి చేరేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మన ప్రాక్టికల్ పరీక్షలూ సరిగ్గా అప్పుడే పడతాయి. యూనియన్ మిత్రులు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు ఆ తేదీల సంగతి తేల్చుకు రావాలి.