వీడియో కెమెరా కొనబోయే ముందు

కిందటి బతుకమ్మ పండుగనాడు మా వీధిలోని అవ్వలిద్దరు, వదినా మరదళ్లు, ఒకరు అందిస్తే ఒకరు అందుకుంటూ గంటసేపు పాటలు పాడారు. మేము ఫోనుతో ఆ దృశ్యమంతా తీశాము. ఇంటికి వచ్చి చూచుకొంటే తంగేడు పూలున్నవి, చీరల రంగులున్నవి, చప్పట్లు కొట్టే చేతులున్నవి. పాట మాత్రం లేదు. పందిరి పక్కనున్న జనరేటరు మోత, గాలి హోరు కలిసి మాటలను మింగివేసినవి. తప్పు మరెవరిదో కాదు, మాదే. సంక్రాంతికి ముందే ఆ యిద్దరిలో పెద్దామె కన్ను మూసింది. ఆమె పాడే చరణాలలో సగం మిగిలిన అవ్వకు గుర్తు లేవు.

1956 నవంబరు 1న మన నాందేడు హైదరాబాదు రాష్ట్రం నుండి బొంబాయి రాష్ట్రంలో చేరినది; 1960 మే 1న మహారాష్ట్ర అయినది. మన పిల్లలు మరాఠీ బడులలో చదువుకొంటున్నారు. అది మంచిదే. కాని ఆ అవ్వల పాటలు బడిలో దొరికేవి కావు. నోటినుండి నోటికి రావలసినవి. అందుకనే ఈ పండుగలోగా ఒక మంచి వీడియో కెమెరా కొనాలని మన సంఘంలో అనుకొన్నాము. చందాల డబ్బు కొద్దిగానే వున్నది. ఇంటికి కొనదలచిన వారికి కూడా పనికివస్తుందని, మేము విచారించి తెలుసుకొన్నది యిక్కడ వ్రాస్తున్నాము.

మొదట, అసలు కెమెరా అవసరమా అని ప్రశ్నించుకోవాలి. పిల్లవాడి పుట్టినరోజుకు చేతిలోని ఫోను చాలును. గంటల తరబడి ఆగకుండా తీయవలసినప్పుడు, దూరంనుండి ముఖం దగ్గరగా కనబడవలసినప్పుడు వీడియో కెమెరా కావాలి. ఫొటోలు తీసే కెమెరాలలో కూడా వీడియో వస్తుంది గాని, వాటిలో చాలా రకాలు అరగంట కాకముందే ఆగిపోతవి. ఈ సంగతి కొనేముందే అడగండి.

దుకాణంలో మొట్టమొదట చెప్పే గొప్ప 'జూమ్'. ఇది రెండు విధాలు. అద్దాలు కదిలి దూరపు వస్తువును దగ్గరకు తెచ్చేది ఆప్టికల్ జూమ్. తీసిన బొమ్మనే పెద్దది చేసి చూపేది డిజిటల్ జూమ్. మగ్గం మీదనుండి దింపిన గుడ్డను లాగితే వెడల్పు పెరుగుతుందేమో గాని పోగులు పెరగవు గదా! కాబట్టి పెట్టె మీద యెంత పెద్ద అంకె వున్నా, ఆప్టికల్ జూమ్ యెంతో ఆ ఒక్కటే లెక్కలోకి తీసుకోండి.

రెండవది వెలుతురు. మన వేడుకలు చాలావరకు దీపాలు పెట్టిన తర్వాతనే జరుగుతవి. లోపల వెలుతురును పట్టే పలక పెద్దదైతే మసక వెలుగులో కూడా బొమ్మ స్పష్టంగా వస్తుంది. వానలో గ్లాసు పెడితే యెన్ని నీళ్లు, గంగాళం పెడితే యెన్ని నీళ్లు? 4కె అనే పేరు చూచి మోసపోవద్దు. పలక చిన్నదై, చీకట్లో బొమ్మ పొడిపొడిగా వచ్చే 4కె కన్న, మంచి పలక వున్న 1920×1080 కెమెరా మేలు. మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది. కనుక కెమెరాలో సెకనుకు 25 గాని 50 గాని బొమ్మలు తీసే పద్ధతి పెట్టుకొంటే, ట్యూబులైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమనే బాధ తగ్గుతుంది.

మూడవది, మాకు నష్టం చేసినది, ధ్వని. విడిగా మైకు తగిలించుకొనే రంధ్రం వున్నదా లేదా చూడండి; చౌక రకాలలో చాలావాటికి వుండదు. ఆరుబయట దూరం రెండింతలైతే ధ్వని బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక కెమెరా యెక్కడున్నా మైకు పాడేవారి దగ్గర వుండాలి, దానికి గాలి తగలకుండా స్పంజి తొడుగు వుండాలి. రంధ్రం లేని కెమెరాయే కొనవలసివస్తే, చిన్న రికార్డరు ఒకటి పాడేవారి పక్కన పెట్టి, తర్వాత రెండూ కలుపుకోవచ్చు. మొదట ఒక చప్పట కొడితే బొమ్మకు, ధ్వనికి జత కుదురుతుంది. బతుకమ్మ పాటకు ఆ చిక్కే లేదు!

డబ్బు అయిదు భాగాలు చేయండి. మూడు కెమెరాకు, ఒకటి మైకుకు, ఒకటి స్టాండు, కార్డు, అదనపు బ్యాటరీలకు. ఉన్నదంతా కెమెరాకే పోసి, చేతులు వణుకుతూ తీసినది యెవరూ రెండోసారి చూడరు. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు సుమారు 11 గిగాబైట్లు పడుతుంది. 64 గిగాబైట్ల కార్డు ఒక పండుగ రాత్రికి చాలును.

వజీరాబాదు దుకాణాలలో చూచినా, హైదరాబాదు కోఠీలో చూచినా, మీ కార్డు మీరు తీసుకొని వెళ్లండి. దుకాణంలోని చీకటి మూలన అయిదు నిమిషాలు తీసి, ఇయర్‌ఫోను పెట్టుకొని వినండి. పాతది కొంటే అద్దంలోకి టార్చి వేసి బూజు పట్టిందేమో చూడండి. బిల్లు, గ్యారంటీ లేకుండా కొనవద్దు. టేపు వాడే పాతరకాల జోలికి పోవద్దు. వి.హెచ్.ఎస్. వి.సి.ఆర్.లు తయారుచేస్తూ చివరిదాకా నిలిచిన జపాను సంస్థ ఫునాయ్ కూడా 2016లో వాటిని మానివేసింది. మీ బీరువాలలో పాత పెండ్లి క్యాసెట్లుంటే వెంటనే కంప్యూటరులోకి ఎక్కించుకోండి. కొత్తగా తీసినవాటికి కూడా రెండు నకళ్లు వుండాలి. ఒకటి మీ ఇంట, ఒకటి మరొక ఊరిలోని బంధువుల ఇంట.

మొన్న మిగిలిన అవ్వ దగ్గరకు వెళ్లి, ఈసారి మంచి కెమెరా తెస్తామని చెప్పాము. ఆమె నవ్వి, "నా మొకం ఎవలకు గావాలె బిడ్డా! పాట వట్టుండ్రి. మా వదిన పాటల నాకు సగమే యాదికున్నయ్. ఆ సగమన్న వట్టుండ్రి" అన్నది.

పండుగదాకా ఆగుదామనే ఆలోచన అప్పటితో మానుకొన్నాము. వచ్చే ఆదివారమే, రికార్డరు ఒక్కటి పట్టుకొని, ఆమె ఇంటికి వెళుతున్నాము.